పన్నెండు తలుపులకు ఒకే రేకు

ఏడేళ్ళుగా ఒక తలుపును మోస్తున్నాను. మాట వరసకు అనడం లేదు, నిజం తలుపే. వేప చెక్క, రెండు రెక్కలు, కింద రాతి గడప. ఇప్పుడది ఉన్న చోట నేనే నిలబెట్టాను. అది ఉండాల్సిన చోటు అది కాదని తెలిసే నిలబెట్టాను. ఈ సంగతి ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. నా పేరు మాత్రం అడగొద్దు. పేరు రాయాల్సి వస్తే చేయి వెనక్కి పోతుంది, నా సంగతి నాకు తెలుసు.

ముందు నా పని గురించి చెప్పాలి. లేకపోతే నా తప్పు అర్థం కాదు. అనంతపురం బయట ఒక వినోదాల పార్కు ఉంది. అందులో ఒక భాగం పేరు పాతపల్లె. మన కరువు సీమ పల్లెను ఉన్నదున్నట్టు కట్టి, టికెట్ పెట్టి చూపిస్తాం. నవ్వొస్తే నవ్వుకోండి, మొదట్లో నేనూ నవ్వుకున్నాను. బస్సెక్కి అరగంట పోతే నిజం పల్లెలు ఊరికే కనిపిస్తాయి. వాటిని ఎవరూ చూడరు. మా పల్లె చూడడానికి మాత్రం ఎండలో వరస కడతారు. ఆ పల్లె తీరుతెన్నులు చూసేది నేను. ఏ గోడకు ఏ రంగు, ఏ మూల ఏ రాయి, ఏ దీపం ఎంత మసగ్గా వెలగాలి, అన్నీ నేను చెప్పినట్టే జరుగుతాయి.

పల్లె కట్టడం పెద్ద కష్టం కాలేదు. కట్టినదాంట్లోకి కొత్త ఆటలు తెచ్చి కలపడమే కష్టం. రెండేళ్ళకొకసారి ఓనరుకు ఏదో ఒక కొత్తది కావాలి, లేకపోతే జనం మళ్ళీ రారంటాడు. సరే, తెచ్చుకో. కానీ అది నిన్న వచ్చిందని చిన్నపిల్లకు కూడా తెలియకూడదు, అదీ నా పట్టుదల. ఎర్రమన్ను, సున్నం, నీలిమందు, పొగచూరు, ఈ నాలుగు రంగులు దాటి ఏదీ పోకూడదు. స్పీకర్లు బానల్లో దాచాను, కెమెరాలు గువ్వగూళ్ళలో పెట్టాను. కొత్త గోడ లేస్తే పేడనీళ్ళు, టీ డికాషను కొట్టి దాన్ని ముసలిదాన్ని చేస్తాం. మెరిసే బోల్టు ఒక్కటి కనిపిస్తే చాలు, మిగతా పల్లె మొత్తం అట్టపెట్టెల్లా తేలిపోతుంది. ఈ విషయంలో నాకు చాలా గర్వం ఉండేది. ఉండేది అంటున్నాను.

ఏడేళ్ళ కిందట ఓనరు పాతాళ బావి పెట్టమన్నాడు. జనం ఒక ఇంట్లోకి పోతారు, తలుపు మూసుకుంటుంది, కాళ్ళ కింద నేల దిగడం మొదలవుతుంది, ఇంటితో సహా పాత బావిలోకి దిగిపోతున్నట్టు ఉంటుంది. ఆట బాగుంది. చిక్కు వచ్చింది తలుపుతో. పాతపల్లెలో అప్పటికే ఉన్న పదకొండు ఇళ్ళకు నిజమైన పాత తలుపులు పెట్టాం. పక్కా ఇళ్ళు కట్టుకునేవాళ్ళు ఇష్టపడి అమ్మినవి. ఈ పన్నెండో ఇంటికి వడ్రంగి కొత్తది చేసిచ్చాడు. కాల్చాం, బ్రష్షుతో గీకాం, ఆముదం పట్టించాం. ముసలివాళ్ళ పంక్తిలో తెల్లమీసం అంటించుకుని కూర్చున్న కుర్రవాడిలా ఉంది. ప్రారంభానికి ఇంకా పది రోజులే ఉన్నాయి. నాకు తిండి సహించలేదు.

పాత కలప వ్యాపారం చేసే మాబుసాబు అని ఒకాయన ఉండేవాడు. పదకొండు తలుపులూ ఆయనే చూపించాడు. ఆయన్ను వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగాను. బెళుగుప్ప దాటాక ఒక చిన్న పల్లెలో, ఊరి చివర, బండ మిద్దె ఇల్లొకటి కనిపించింది. తాళం వేసి ఉంది. ఆ తలుపు చూడగానే జీపు ఇంకా ఆగకముందే దిగేశాను.

ఎన్ని చేతులు తగిలి ఆ అంచులు అలా నునుపు తేలాయో. ఎడమ రెక్క రెండు వేళ్ళు పొట్టి, ఎవరో అడుగున చిత్రిక పట్టారు. కింద ఎలుకలు దూరకుండా నూనె డబ్బా రేకు కోసి కొట్టారు. దాని మీద శెనక్కాయ చెట్టు బొమ్మ. కొట్టినవాడు రేకును తిరగేసి కొట్టాడు. కాయలు పైకి, ఆకులు కిందికి. అలాంటి వంకర నేను వందేళ్ళు కూర్చున్నా ఊహించలేను. సంబరంతో నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, అబద్ధం చెప్పను.

గడప మీద కంప అడ్డం పెట్టి ఉంది.

మీరు మా దిక్కువాళ్ళు కాకపోతే దీని అర్థం తెలియదు. వానలు లేని ఏడు కూలికి బెంగుళూరు పోయేవాళ్ళు, తాళం వేశాక ఒక ముళ్ళకంప తెచ్చి గడపకు అడ్డం పెట్టి పోతారు. దొంగను ఆపడానికి కాదు. కంప ఏ దొంగను ఆపుతుంది? మేము వస్తాం, ఇల్లు పాడుబెట్టి పోలేదు, అని ఊరికి చెప్పడానికి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ, నాయన నన్ను తీసుకుని అలాగే పోయారు. కంప నా చేతికే ఇచ్చి పెట్టించింది అమ్మ. తొమ్మిది నెలలకు తిరిగొస్తే నేను పెట్టిన కంప పెట్టినట్టే ఉంది, లోపల ఉట్టి మీద చింతపండు కూడా అలాగే ఉంది. అంటే నాకు తెలుసు. అందరికంటే బాగా తెలుసు.

మాబుసాబు తలుపు దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి, "అన్నా, కంప ఉండాది. ఇంటోళ్ళు వస్తారేమో" అన్నాడు.

"ఎవరూ రారు. ఊళ్ళో కనుక్కున్నా" అన్నాను.

నేను ఊళ్ళో ఎవరినీ కనుక్కోలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. అంత నున్నగా ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది నా నోట్లోకి? ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తే ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. కానీ వేరే మనిషి లేడు. అక్కడ ఉన్నది నేనూ, మాబుసాబూ, ఇద్దరు కూలీలు.

మిట్ట మధ్యాహ్నం, వీధిలో మనిషి లేడు. ద్వారబంధంతో సహా, గడపతో సహా ఊడదీశారు. పైన బండ కుంగకుండా ఒక దుంగను ఊతంగా నిలబెట్టారు. లోపల రోలు, నీళ్ళ కడవ, మడిచి పెట్టిన ఈతచాప కనిపించాయి. నేను తల తిప్పుకున్నాను. అంతా జీపులో ఎక్కించాక, ఎందుకో నాకే తెలియదు, పక్కకు పడేసిన కంపను తీసుకొచ్చి ఆ ఖాళీకి అడ్డంగా మళ్ళీ పెట్టాను. ఎలా ఉందో అలాగే, కంప మొదలు కుడివైపుకు. ముల్లు గుచ్చుకుని చూపుడువేలికి రక్తం వచ్చింది. తలుపు లేని ఇంటికి కంప కాపలా పెట్టి వచ్చాను. సిగ్గుతో పెట్టానా, చిన్నప్పటి అలవాటు కొద్దీ పెట్టానా? ఏదైతేనేం, ఆ పని ఇంకొకరి బతుకు మీద పడుతుందని మాత్రం అప్పుడు తట్టలేదు.

పాతాళ బావి ఆట అదిరిపోయింది. ఆ తలుపును తడమనివాడు లేడు. నెల తిరక్కముందే గట్టి వాన పడింది. మాబుసాబు ఫోన్ చేసి, ఆ ఇంటి మిద్దె కూలిందంట అన్నా అన్నాడు. సరే అన్నాను. ఆ వారంలోనే బోర్డులు రాసే పెయింటర్ను పిలిచి, ఆ శెనక్కాయ రేకుకు పదకొండు నకళ్ళు చేయించాను. ఉప్పునీళ్ళు కొట్టి తుప్పు పట్టించి, మిగతా పదకొండు తలుపులకూ కింద కొట్టించాను. అన్నీ తిరగేసే. ఊరంతా ఒకే అంగట్లో నూనె కొన్నట్టు ఉంటుంది, కొత్త బావికీ పాత ఇళ్ళకూ లంకె కుదురుతుంది అని మీటింగులో చెప్పాను. ఓనరు భుజం తట్టాడు. పిల్లల కోసం రేకులు లెక్కపెట్టే ఆట కూడా పెట్టారు.

లంకె కోసమే చేయించానా? అప్పుడు అలాగే నమ్మాను. నమ్మినట్టు ఉన్నాను. ఒక్క తలుపుకు రేకు ఉంటే ఎవరైనా వచ్చి ఇది మాది అనవచ్చు. పన్నెండింటికి ఉంటే ఏమంటారు? ఈ లెక్క నా మనసులో ఎక్కడో అప్పటికే నడిచిందా? నడవకపోతే మిద్దె కూలిందని విన్న వారంలోనే పెయింటర్ ఎందుకు గుర్తొచ్చాడు?

మూడేళ్ళ తరవాత ఓబుళమ్మ వచ్చింది.

పాతపల్లె ఊడ్చే పనికి కాంట్రాక్టరు పంపిన మనిషి. యాభై దాటిన వయసు, బుక్కరాయసముద్రంలో ఒక్క గది బాడుగకు తీసుకుని ఉంటుంది. భర్త బెంగుళూరులో వాచ్‌మన్. పనిలో చేరిన రెండో రోజు పొద్దున నేను రౌండుకు పోతే, పాతాళ బావి తలుపు ముందు గొంతుక్కూర్చుని ఉంది. చీపురు పక్కన పడి ఉంది. చేత్తో రేకు తడుముతోంది.

"సార్, ఈ వాకిలి యాడిది?" అంది. మా దిక్కు తలుపును వాకిలి అంటారు.

"ఎందుకమ్మా?"

"మా ఇంటి వాకిలి మాదిరే ఉండాది. ఎలకలు దూరతాండాయని నేను పోరు పెడితే మా మరిది ఈరన్న ఈ రేకు కొట్టినాడు. తిరగేసి కొట్టినాడు సార్. ఇదేమప్పా, శెనక్కాయలు ఆకాశంలో కాస్తాండాయే అని నవ్వినా కూడా. ఈ రెక్క కూడా ఆయప్పే చిత్రిక పట్టినాడు."

ఎక్కడ బెళుగుప్ప, ఎక్కడ ఈ పార్కు, ఇంత సీమలో ఈ మనిషే ఈ చీపురు పట్టుకుని ఈ తలుపు ముందుకు రావాలా? చెప్పెయ్ అంది లోపల ఒక గొంతు. నోరు తెరిచాను కూడా. నేను తెరిచిన నోట్లోంచి ఏమొచ్చిందో వినండి.

"అన్ని తలుపులకూ ఆ రేకు ఉంది చూడమ్మా. అది మా డిజైను. పాతకాలంలో అందరూ అట్లే కొట్టేవాళ్ళు. పుస్తకంలో బొమ్మ చూసి చేయించినాం."

ఆమె లేచింది. పక్కింటి తలుపు చూసింది. దాని పక్కది చూసింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్కొక్క తలుపు ముందు వంగి చూసుకుంటూ పోయింది. తిరిగొచ్చేటప్పటికి ఆమె మొహంలో ఆ నమ్మకం లేదు. నా కళ్ళ ముందే అది పోయింది. సొంత ఇంటి తలుపును తాకి, ఇది మాది కాదేమో అనుకుంది, నా పదకొండు నకళ్ళను చూసి.

"అన్నిటికీ ఉండాయి సార్. నాదే మతి సరిగా లేదు" అంది. తరవాత తనే చెప్పింది. "మేము బెంగుళూరు పోయింటే మా మరిది మా వాకిలి పీకి అమ్ముకున్నాడు. ఇల్లు పడిపాయ. భాగాల కాడ నుంచి ఆయప్పకు మా మీద కడుపుమంట. నడివీధిలో నిలబెట్టి మన్నెత్తి పోసినా సార్. పెండ్లాన్ని, గొర్లను తోలుకుని మడకశిర దిక్కు ఎళ్ళిపోయినాడు. మళ్ళ మొగం చూడలేదు."

"ఆయనే అని ఎట్ల తెలిసింది?" అన్నాను. ఎందుకు అడిగాను? అడగకుండా ఉంటే బాగుండేది.

"కంప పెట్టినట్టే ఉండాది సార్. పరాయోడైతే పక్కకు ఇసిరేసి పోతాడు. మనోడు కాబట్టే భయం పుట్టి మళ్ళ పెట్టిపోయినాడు. మొదలు కుడి పక్కకే. ఇంటోడికి కాక ఇంకెవరికి తెలస్తాది?"

నేను నా చూపుడువేలు చూసుకున్నాను. అక్కడ గుర్తేమీ లేదు. ఒక మనిషి మీద నడివీధిలో మన్ను పడింది, ఊరొదిలి పోయాడు, దానికి సాక్ష్యం నేను పెట్టిన కంప. తలుపు దొంగిలించి ఊరుకున్నా ఇంత జరిగేది కాదు. కంపను పడేసిన చోటే వదిలేసి ఉంటే ఆమె ఏ దొంగనో తిట్టుకునేది. నేను చేసిన ఒకే ఒక్క మర్యాద పని ఆయన్ను దొంగను చేసింది.

అప్పుడూ చెప్పలేదు. ఆ తరవాత నాలుగేళ్ళూ చెప్పలేదు. నాలుగేళ్ళ పాటు రోజూ పొద్దున ఆమె తన గడపను తనే ఊడ్చింది, జీతానికి. నేను ఆ దారిన పోవడం మానేశాను. పండగలకు చీర కొనిచ్చాను, ఆమె దండం పెట్టింది. ఆ దండం పెట్టించుకున్నాను కూడా. నేనెలాంటి మనిషిని? ఈ ప్రశ్న వేసుకుని, జవాబు రాకముందే పనిలో పడేవాణ్ణి. ఆమె ఆ తలుపు దగ్గర మిగతా వాటికంటే కొంచెం ఎక్కువసేపు ఊడుస్తుందని తెలుసు. కెమెరాలో చూశాను.

పోయిన నెల ఓనరు ఇంకో ఆట తెచ్చాడు. పాతపల్లె చివర పదమూడో ఇల్లు. ఐదు రోజుల కిందట వడ్రంగి కొత్త తలుపును ముసలిదాన్ని చేసి తెచ్చి, "సార్, దీనికీ రేకు కొట్టల్లా?" అన్నాడు. చేతిలో కొత్త రేకు, పెయింటు ఇంకా ఆరలేదు. కాయలు పైకి, ఆకులు కిందికి. ఈరన్న అనే మనిషి ఎలుకల కోసం ఒక్కసారి పొరపాటున తిరగేసి కొట్టిన రేకు అది. నేను దాన్ని ఇంకా కొట్టిస్తూనే ఉన్నాను. వద్దు అన్నాను.

మరుసటి రోజు గేట్లు తెరవడానికి గంట ముందే పోయాను. కటింగ్ ప్లేయరు తీసుకుని పదకొండు రేకులూ నా చేతులతో ఊడదీశాను. పన్నెండోది వదిలేశాను. నోటితో చెప్పలేని పిరికివాడి పని అది, ఒప్పుకుంటాను. ఆమె చూసుకుని తెలుసుకుంటే నేను చెప్పే బాధ తప్పుతుందని ఆశపడ్డాను.

ఓబుళమ్మ చీపురుతో వచ్చింది. వీధి మొదట్లోనే ఆగింది. ఒక్కో తలుపు కింద చూసుకుంటూ వచ్చి, బావి తలుపు ముందు నిలబడింది. నేను పక్కింటి గోడ వారగా ఉన్నాను. నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఇది మాదేనా సార్?"

"మీదే."

"కంప మళ్ళ పెట్టింది ఎవరు?"

తలుపు ఎవరు పీకారని ఆమె అడగలేదు. అది అడుగుతుందనుకుని నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. కూలీలు, మాబుసాబు, ఓనరు తొందర, ఇంకా ఏవేవో. ఈ ప్రశ్నకు ఆ మాటలేవీ పనికిరావు.

"నేనే" అన్నాను.

ఆమె నేల వైపు చూసింది. నాకు అర్థమైంది, గుప్పెడు మన్ను కోసం చూస్తోంది. పాతపల్లె నేలంతా ఎర్రరంగు కలిపిన సిమెంటు. ఎత్తిపోద్దామన్నా చారెడు మన్ను లేదు. దుమ్ము లేవకూడదని నేనే వేయించాను. ఆమె చేయి ఖాళీగానే ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మొహం మాత్రం, ఊరికి తిరిగొచ్చి కూలిన మిద్దెను చూసినప్పుడు ఎలా ఉండి ఉంటుందో అలా ఉంది.

"ఆ రేకు కూడా ఊడదీయండి" అంది. ఈసారి సార్ అనలేదు.

ఊడదీసి ఇచ్చాను. దాన్ని కొంగులో చుట్టుకుంది. తలుపు అడగలేదు, అడిగినా బిగించుకోవడానికి ఆమెకు గోడ లేదు. చీపురు గడప మీద అడ్డంగా పెట్టి, గేటు వైపు పోయింది. మడకశిర బస్సు ఎన్నింటికని సెక్యూరిటీ అతన్ని అడిగిందట. ఇప్పటికి నాలుగు రోజులైంది, పనికి రాలేదు. ఈరన్న ఆమెకు తలుపు తీశాడో లేదో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకు లేదు.

ఓనరు రేకులు ఏమయ్యాయని అడిగాడు. జరిగింది చెప్పాను. వింతగా చూసి, ఈ మాట బయట ఎక్కడా అనొద్దన్నాడు. అందుకే మీకు రాస్తున్నాను. క్షమించమని కాదు, క్షమించాల్సింది మీరు కాదు. నేనే అని ఒక్కసారి అన్నాక, ఇంకోసారి అనడం తేలికగా ఉంది. అంత మాత్రమే.

నిన్న రౌండుకు పోయాను. రేకులు లేవు, పన్నెండు తలుపులూ ఒకేలా కలిసిపోయి ఉన్నాయి, ఏ తేడా లేదు. నేను కోరుకున్నది అదే కదా. మిగతా పదకొండింటి బెజ్జాలు వడ్రంగి పూడ్చేశాడు, పన్నెండోదాని కింద మాత్రం నాలుగు పాత మేకుల బెజ్జాలు ఉన్నాయి. వాటిని పూడ్చమంటారా అని వడ్రంగి అడిగాడు. వద్దన్నాను.